హమ్మురాబి ధర్మశాసనము - ఆనాటి సమాజము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసందర్భమున నన్నొక ప్రసంగము చేయుమని కార్యవర్గమువారు కోరినారు. నేను కళాశాల గడప తొక్కినవాడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రి పుస్తకము ముందు కూర్చుండుట నా అలవాటు. భారత భాగవతములును, స్మృతులును, దేశచరిత్రలును నాకు తెలిసినంత మట్టుకు ఈ గదిలోని బీరువాలే నేర్పినవి. గురువు లేని చదువులో దోషములుండును. పెద్దలు మన్నింతురు గాక.

నేడు నేను చెప్పబూనినది హమ్మురాబి యను రాజు వేయించిన ధర్మశాసనమును గూర్చి. ఇది మన దేశపు శాసనము కాదు. నేటి ఇరాకు దేశమున, బాగ్దాదు నగరమునకు దక్షిణముగా, యూఫ్రటీసు నది యొడ్డున బాబిలోను అను పట్టణ ముండెను. సుమారు 3,750 ఏండ్ల క్రిందట ఆ రాజ్యమున ఇది పుట్టినది. అంత దూరపు సంగతి మనకేల యని మీరడుగవచ్చును. కాలువ గట్టు తెగినచో నష్టమెవరిది? పంట పోయిన యేట అప్పు తీర్చుట యెట్లు? రశీదు లేని సొమ్ము లెక్కకు వచ్చునా, రాదా? ఆ శిలమీద చెక్కబడిన విషయములివి. మన రావిచెట్టు క్రింద అరుగుమీదను దినదినము వినబడు విషయములివే. అందుచేత ఈ కథ మనకు పరాయిది కాదు.

మొదట ఆ శిల దొరికిన వైనము. 1901వ సంవత్సరము చివరను, 1902 మొదటను, ఇరాను దేశములోని సూసా యను పాడుదిబ్బలో ఫ్రెంచివారు త్రవ్వకములు జరుపుచుండిరి. వారికి నాయకుడు జాక్ ద మోర్గాన్. అక్కడ మూడు ముక్కలైన యొక నల్లని రాతి స్తంభము బయల్పడినది. ముక్కలు కూర్చి చూడగా ఏడడుగులకు మించిన యెత్తు. షేయిల్ అను పండితుడు 1902లోనే దానిని చదివి ప్రకటించెను. ఇప్పుడా స్తంభము పారిసు నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలలో నున్నది.

స్తంభము పైభాగమున నొక బొమ్మ. షమాషు అను సూర్యదేవుడు సింహాసనముపై కూర్చుండియున్నాడు; రాజు ఎదుట భక్తితో నిలిచియున్నాడు. మనకు సూర్యుడు కర్మసాక్షి గదా! వారికిని సూర్యుడే న్యాయాధిదేవత. అన్నియు చూచువానికే న్యాయము చెప్పు అధికారమని వారును తలచిరి. బొమ్మ క్రింద చుట్టును, వెనుకను, మేకులు గ్రుచ్చినట్లుండు లిపిలో వ్రాత. పండితులు దానిని 282 శాసనములుగా లెక్కపెట్టిరి.

బాబిలోను రాజు శిల సూసాలో నేల దొరకవలెను? హమ్మురాబికి ఆరు వందల యేండ్ల తరువాత ఏలాము దేశపు రాజు షుత్రుక్ నహ్హుంతె దండెత్తివచ్చి ఈ శిలను కొల్లసొమ్ముగా తీసికొనిపోయెను. తన పేరు చెక్కించుకొనుటకు గాబోలు, కొన్ని వరుసలు గీకివేయించెను. ఆ చోటు నేటికిని ఖాళీగానే యున్నది. గెలిచినవాని పేరు దానిమీద నెక్కలేదు. ఓడిన దేశపు ధర్మము నిలిచియున్నది.

ఇక ఆ దేశము, ఆ సమాజము. యూఫ్రటీసు, టైగ్రిసు నదుల నడుమ చదునైన మట్టినేల అది. వాన స్వల్పము. కాలువ లేనిదే పైరు లేదు. బార్లీ, నువ్వులు, ఖర్జూరము వారి పంటలు. గొఱ్ఱె ఉన్ని వారి సంపద. రాయి లేదు, మంచి కలప లేదు. ఇల్లు మట్టి యిటుకలది. పుస్తకము కూడ మట్టిదే. అరచేత పట్టునంత మట్టి పలకను తడిగా నుండగనే రెల్లు పుల్లతో నొత్తి వ్రాసి యెండబెట్టుదురు. అప్పుపత్రము, కౌలు ఒప్పందము, పెండ్లి ఒడంబడిక, న్యాయాధిపతి తీర్పు - సర్వము పలకయే. అట్టి పలకలు వేలకు వేలు దొరకినవి.

హమ్మురాబి క్రీ. పూ. 1792 నుండి 1750 వరకు ఏలెనని పలువురు చరిత్రకారుల గణన. గద్దె నెక్కినప్పుడు అతనిది కొద్దిపాటి రాజ్యము. చుట్టును లార్సా, ఎష్నున్న, మారి మున్నగు రాజ్యములుండెను. కడపటి పదునాలుగేండ్లలో వానిని జయించి దేశము నేకము చేసెను. అతడు ఉద్యోగులకు పంపిన ఉత్తరములును దొరకినవి. కాలువ పూడిక తీయింపుడు, వీని భూమి వానికేల యిచ్చితిరో విచారింపుడు అని వ్రాయించినాడు. ఆ ఉత్తరముల సంగతి చదివినప్పుడు, రాజు మాట అటుండ, జమాబందికి వచ్చిన యధికారి మాట విన్నట్లే నాకు తోచినది.

ఆ సమాజమున మూడు తరగతులవారు కనబడుదురు. అవీలుమ్ అనగా స్వతంత్రుడైన పెద్దమనిషి. ముష్కేనుమ్ అనగా అతనికంటె దిగువవాడు. ఆ శబ్దమునకు సరియైన అర్థమేమో పండితులు నేటికిని వాదించుచున్నారు. వార్దుమ్ అనగా దాసుడు. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. దీని సంగతి మరల వచ్చును.

రైతులకు సంబంధించిన శాసనములు ముందు చెప్పెదను. తన పొలము ప్రక్క గట్టును బలపరచక సోమరియై యుండిన వాని గట్టుకు గండి పడి పొరుగు చేలు మునిగినచో, పోయిన ధాన్యమును అతడే కొలిచి యియ్యవలెను. ఇయ్యలేనిచో అతనిని, అతని సొత్తును అమ్మి, నష్టపడిన రైతులు ఆ వెండిని పంచుకొందురు. నీరు పెట్టుకొనుటకు కాలువ తెరచి అజాగ్రత్తగా విడిచినవాడును అట్లే ధాన్యము కొలువవలెను. గట్టు ఒకనిదైనను నీరు అందరిది. సోమరితనము స్వంత విషయము కాదు, ఊరి విషయము అని దీని తాత్పర్యము. తోట వేయుటకు నేల నిచ్చినచో తోటమాలి నాలుగేండ్లు పెంచవలెను. అయిదవ యేట యజమానియు తోటమాలియు ఫలమును సగము సగము పంచుకొనవలెను. చెట్టు నాటినవానికి పండు తినువరకు గడువియ్యవలెనని వారికిని తెలియును.

అప్పుల విషయమున నొక్క శాసనము నన్ను చాలదినములు వెంటాడినది. అప్పుపడిన రైతు పొలము తుపానువలన మునిగినను, నీరు లేక ధాన్యము పండకపోయినను, ఆ యేడు అతడు అప్పులవానికి ధాన్య మియ్యనక్కరలేదు. తన పలకను తడుపును. ఆ యేటి వడ్డీ చెల్లింపడు. పలకను తడుపుటయేమి యందురా? మట్టి పలక మీద నీరు పోసిన మెత్తబడును. మెత్తబడిన వ్రాతను మార్చవచ్చును. అనగా దైవము చేసిన నష్టమునకు ఒడంబడికయే వంగవలెను. మన రైతు కంటి నీటితో కాగితమెంత తడిసినను అందులోని అంకె మారదు. ఆ రాజు మంచినీటితోనే మార్చుమన్నాడు.

మరియొకటి. అప్పిచ్చినవాడు రైతు నడుగకుండ అతని గాదెనుండి గాని కళ్లమునుండి గాని గింజలు తీసికొనినచో, తీసినదంతయు మరల నియ్యవలెను. పైగా ఇచ్చిన అప్పునకే నీళ్లు వదలుకొనవలెను. వడ్డీకి హద్దు: ధాన్యమునకు మూడవ వంతు, వెండికి అయిదవ వంతు. హద్దు మీరినచో అసలును పోవును. అప్పిచ్చునప్పుడు చిన్న తూనికరాయి, పుచ్చుకొనునప్పుడు పెద్ద తూనికరాయి వాడు వర్తకునికిని ఇదే శిక్ష. తూనికరాళ్లు రెండు జతలుంచు విద్య మన కాలమున పుట్టినది కాదని దీనివలన తెలియుచున్నది. అప్పు తీరక ఆలిని గాని బిడ్డలను గాని పనికి అమ్ముకొన్నచో, వారు మూడేండ్లు పని చేయవలెను. నాలుగవ యేట విడుదల. అమ్ముకొనుట ఘోరమే. కాని ఆ ఘోరమునకు ఒక కడపటి దినము వ్రాయబడినది.

ఇక నా వృత్తికి సంబంధించినది. పెద్ద వర్తకుడు తన తరఫున తిరుగువానికి ధాన్యము, ఉన్ని, నూనె మున్నగునవి యిచ్చి అమ్మకమునకు పంపును. వాడు వెండి తెచ్చి కట్టినప్పుడెల్ల ముద్ర వేసిన రశీదు తీసికొనవలెను. అజాగ్రత్తతో తీసికొననిచో, రశీదు లేని వెండి లెక్కలో చేరదు. తిరుగువాడు తాను పుచ్చుకొనిన సొమ్మును లేదన్నచో మూడింతలు కట్టవలెను. పెద్ద వర్తకుడే తనకు ముట్టిన సొమ్మును లేదన్నచో ఆరింతలు కట్టవలెను. బలవంతుని అబద్ధమునకు రెట్టింపు వెల! ఈ మాట చదివి నేనా పుస్తకమును మూసి, కొంతసేపు ఊరకుంటిని. మరియు న్యాయాధిపతి తీర్పు వ్రాసి ముద్ర వేసిన పిమ్మట దానిని మార్చినచో, ఆ వ్యాజ్యపు మొత్తమునకు పండ్రెండింతలు చెల్లించి పీఠము దిగవలెను. మరల న్యాయాధిపతుల నడుమ కూర్చుండరాదు.

స్త్రీల విషయము సంగ్రహముగా చెప్పెదను. ఒడంబడిక లేని పెండ్లి పెండ్లి కాదు. పుట్టింటివారిచ్చిన కట్నము ఆమె మరణానంతరము ఆమె బిడ్డలదే. మగడు నిందించుచు తిరుగుబోతైనచో, ఆమె నిర్దోషినియని తేలిన పిమ్మట, తన కట్నము తీసికొని తండ్రి యింటికి పోవచ్చును. ఆమెయందే దోషము తేలినచో మాత్రము నీట త్రోయుదురు.

మెచ్చుకొనవలసినవే చెప్పి ఊరకుండుట లెక్కలు వ్రాయువానికి తగదు. జమ యెంతయో, ఖర్చును అంతగా చూపవలెను. పెద్దమనిషి మరియొక పెద్దమనిషి కన్ను పొడిచినచో వాని కన్నును పొడువవలెను. సామాన్యుని కన్ను పొడిచినచో ఒక మీనా వెండి, అనగా సుమారు అర కిలో, కట్టిన చాలును. దాసుని కన్ను పొడిచినచో వాని వెలలో సగము కట్టవలెను. అది వాని యజమాని సొత్తునకు కలిగిన నష్టము. కన్ను ముగ్గురికిని ఒక్క తీరుననే నొచ్చును. శిల మాత్రము మూడు వెలలు కట్టినది. ఇల్లు సరిగా కట్టనందున కూలి యజమాని కుమారుడు చచ్చినచో, కట్టినవాని కుమారుని చంపవలెనట! ఆ పిల్లవాడు చేసిన పాపమేమి? పారిపోయిన దాసుని ఇంట దాచినవానికిని మరణమే.

అది అనాగరిక కాలము, వారికంతకంటె తెలియదని కొందరందురు. అది సరికాదు. హమ్మురాబికి మూడు వందల యేండ్లకు మునుపే ఊర్ నగరపు రాజు ఊర్ నమ్ము పేర వెలసిన శాసనములలో అవయవమునకు దెబ్బ తగిలినచో వెండి జరిమానా కలదు. ఆ పలకను క్రేమర్ అను పండితుడు 1952లో చదివెను. కనుక కాలము గడచినకొలది ధర్మము తనంతట తానే మెత్తబడునను నమ్మకము వలదు. మనమును గర్వపడ నక్కరలేదు. మన స్మృతులలోను వర్ణమునుబట్టి దండనలు, వడ్డీలు మారుట చదివినవారికి తెలిసినదే.

ఆ శాసనముల ప్రకారమే తీర్పులు జరిగెనా యని మరియొక ప్రశ్న. దొరికిన తీర్పు పలకలలో ఈ శిలను పేర్కొనుట అరుదు. కూలి రేట్లును ఒప్పందములలో వేరుగానే కనబడుచున్నవి. కావున ఇది న్యాయస్థానపు గ్రంథము కాదు, రాజు తన న్యాయబుద్ధిని దేవతలకును ముందు తరములకును చాటుకొన్న ప్రశస్తియని కొందరు పండితుల అభిప్రాయము. అట్లే కానిండు. తాను న్యాయవంతుడనని చాటుకొన గోరిన రాజు దేనిని న్యాయమనుకొనెనో తెలియుటయు లాభమే. ఆ దేశపు లేఖక విద్యార్థులు ఈ శాసనములను వెయ్యేండ్లకు పైగా ప్రతులు వ్రాసి నేర్చుకొనిరి. నినెవే నగరమున అష్షూర్‌బనిపాల్ రాజు కూర్చిన ప్రసిద్ధ గ్రంథాలయమునను వీని ప్రతులుండెను. క్రీ. పూ. 612లో ఆ నగరము తగులబడినది. కాగితమైన బూడిద యయ్యెడిది; పలకలు కాలి యిటుకలవలె గట్టిపడి మిగిలినవి. ఏలాము రాజు గీకించిన శాసనములలో కొన్నింటిని పండితులు ఇట్టి మట్టి ప్రతుల సాయముతోనే మరల కూర్చుకొనిరి. గ్రంథాలయ మెందులకని యడుగువారికి ఇదియొక సమాధానము.

ఇప్పుడు నేను చెప్పదలచిన ముఖ్య విషయమునకు వచ్చుచున్నాను. ఆ స్తంభము చివర రాజు చేయించిన విన్నపమొకటి కలదు. బలవంతుడు దుర్బలుని పీడింపకుండుటకును, తండ్రి లేని బిడ్డకు, విధవకు న్యాయము కలుగుటకును దీనిని నిలిపితినని చెప్పి, అన్యాయమైనవాడు ఈ శిల యెదుటికి వచ్చి, వ్రాత చదివించుకొని విని, తన వ్యాజ్యము సంగతి తెలిసికొని, మనసు కుదుటపరచుకొనవలెనని కోరినాడు. చదువుకొనవలెనని కాదు, చదివించుకొనవలెనని! తన ప్రజలలో నూటికెందరో చదువు రానివారని ఆ రాజునకు తెలియును. పత్రముల మీద ముద్ర లేని పేదలు తమ బట్ట అంచును గాని గోటిని గాని తడిమట్టిలో నొత్తుచుండిరి. అది వారి నిశానీ. శిల యెంత యెత్తైనను, ప్రక్కను నిలిచి చదివిపెట్టువాడు లేనిచో ఆ గోటి గుర్తువానికి అది వట్టి రాయి.

ఈ మాట నాకింత లోతుగా తగులుటకు కారణమున్నది. సభలో చెప్పుకొనదగినది కాదు గాని చెప్పెదను. నాకప్పుడు ఇరువది మూడేండ్లు. దస్తూరీ బాగుండునని నన్ను పత్రములు వ్రాయుటకు పిలుచుచుండిరి. ఒకనాడు ఒక రైతు విత్తనములకును, ఎద్దుకును అప్పు తీసికొనుచున్నాడు. ఏటేట వడ్డీని అసలులో కలుపుమని అప్పిచ్చువాడు చెప్పెను, నేను వ్రాసితిని. రైతు వేలిముద్ర వేసెను. పత్రము చదివి వినిపింపుమని అతడడుగలేదు. నేనును చదువలేదు. "నువ్వు రాశావుగా బాబూ, చాలు" అన్నాడు. తరువాత వరుసగా రెండేండ్లు పంట పోయినది. మూడవ యేట లెక్క చూడగా చెరువు క్రింది మడి అమ్మినగాని తీరలేదు. అమ్మిన మరునాడతడు మా యింటికి వచ్చెను. కోపపడలేదు. "ఆ కాయితంలో ఏముందో ఇప్పుడైనా చదువు బాబూ" అన్నాడు. నాకు నోటికి వచ్చినంత చెప్పితిని. విని, తలగుడ్డ సర్దుకొని వెళ్లిపోయెను. నేను వ్రాసినదానిలో అక్షరదోషమొక్కటియు లేదు. సాక్షులు సరి, తేదీ సరి. నన్నెవరును తప్పుపట్టలేదు. కాని వ్రాసినవాడను నేనే, చదివి వినిపింపనివాడను నేనే. ఆ లెక్క నా ఖాతాలో నేటికిని చెల్లు పడలేదు.

వ్రాత రెండంచుల కత్తి. లేనివానికి రశీదై కాపాడును. తెలియనివానికి ఉరియై బిగియును. దానిని ఏ అంచున పట్టుకొందుమన్నది చదివిపెట్టువాని మనస్సాక్షినిబట్టి యుండును. మన పూర్వులకును ఇది తెలియును. యాజ్ఞవల్క్యస్మృతి వ్రాతను, అనుభవమును, సాక్షులను ప్రమాణములుగా చెప్పినది. దానికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలమున మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. అది సంస్కృతమున నుండగా, 13వ శతాబ్దమున మన మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరమను పేర తెలుగు చేసెను. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కవి ధర్మశాస్త్రమునకేల పూనుకొనెను? తనను బంధించు ధర్మము తన భాషలో వినుట ప్రతివాని హక్కని ఆయన యెరిగియుండునని నేననుకొందును. హమ్మురాబియు తన శిలను పాత పండిత భాషయైన సుమేరులో కాక, ఆనాడు జనులాడు అక్కడు భాషలోనే చెక్కించెను.

కావున ఈ రజతోత్సవ సమయమున నాదొక విన్నపము. మన గ్రంథాలయమున పుస్తకములు పెరిగినవి, చందాదారులు పెరిగిరి, సంతోషము. వారమునకొక సాయంకాలము, ఈ అరుగుమీద, చదువు వచ్చినవారిద్దరు కూర్చుండవలెను. ఎవరు ఏ కాగితము తెచ్చినను - బ్యాంకు పత్రమైనను, నోటీసైనను, పట్టాయైనను - మొదటినుండి చివరవరకు చదివి, తెలియు మాటలలో చెప్పవలెను. రుసుము వలదు. సలహా చెప్పుటయు వలదు. అది తెలిసినవారు చెప్పుదురు. చదివిపెట్టిన చాలును. అక్షరము నేర్చుకొనగోరు పెద్దలకు అదే అరుగుమీద పలక పట్టించవలెను. ముందుగా నా పేరు వ్రాసికొనుడు. వచ్చు ఆదివారమునుండి నేను వచ్చి కూర్చుందును. రెండవ పేరు ఈ సభలోని యువకులలో ఎవరిదో కావలెను.

బాబిలోను కోటలు మన్నైనవి. ఆ కాలువలలో పెక్కు పూడిపోయినవి. ఆ శిల పరదేశమున నొక ప్రదర్శనశాలలో నున్నది. దాని యెదుటికి వ్యాజ్యము తెచ్చువాడు లేడు. కాని చదివించుకొని వినవలెనన్న ఆ కోరిక మాత్రము పాతబడలేదు. దానిని తీర్చుటకు నల్లరాయి యక్కరలేదు. అరుగొకటి, దీపమొకటి, ఓపిక గలవాడొకడు చాలును. అవి మూడును మనకున్నవి.